శాసనాలు సరే, కాలువ లెక్క ఏదీ?

సంపాదకులకు,

ఈ మధ్య మీ ఆదివారం సంచికలో ప్రాచీన భారత పాలనపై వచ్చిన వ్యాసంలో రాజులు, మంత్రులు, గూఢచారులు అందరూ ఉన్నారు. లెక్క అప్పజెప్పడం గురించి మాత్రం ఒక్క ముక్క లేదు. అదే వ్యాసం పట్టుకుని మా మండలంలో ఒక పెద్దమనిషి "ప్రజాస్వామ్యం మన రక్తంలోనే ఉంది" అని ఉపన్యసించి శాలువా కప్పించుకున్నారు. సభాస్థలి పక్క కాలువలో గుర్రపుడెక్క మీద కొంగలు నడుస్తున్నాయి. అది ఆయన కంట పడలేదు.

ఆషాఢంలో లెక్కల పుస్తకాలతో హాజరు కావాలని అధికారులకు కౌటిల్యుడి అర్థశాస్త్రం విధించింది. సర్కారు సొమ్ము దిగమింగే పద్ధతులు 40 అని లెక్క కూడా కట్టింది. మా డెల్టాలో ఆషాఢమంటే నారుమళ్లకు నీరందాల్సిన నెల. కాలువ కట్టేసిన వేసవంతా నిద్రపోయి, రేపు నీళ్లు వదులుతారనగా పొక్లెయిన్ తెచ్చి, తీసిన పూడిక గట్టు అంచునే పోస్తారు. తొలి వానకే అది మళ్లీ కాలువలోకి జారుతుంది. ఆ 40లో ఇది ఎన్నోదో తెలిసినవారు చెప్పాలి.

తమిళనాట ఉత్తరమేరూరులో 919, 921 నాటి చోళ శాసనాలు ఉన్నాయి. పేర్లు రాసిన చీట్లు కుండలో వేసి, ఏడాదికోసారి చీటీ తీసి ఊరి సంఘాలకు సభ్యులను ఎంచుకునేవారు. చెరువుకు ప్రత్యేకంగా ఒక సంఘం. పదవిలో ఉండి లెక్క చెప్పనివాడికే కాదు, వాడి దగ్గరి బంధువులకూ మళ్లీ అవకాశం లేదు. ఆ నిబంధన మా నీటి సంఘాలకు పెడితే పోటీకి మనిషి దొరకడు! అందులో అర్హత భూమీ చదువూ ఉన్న బ్రాహ్మణులకే అన్నది మీ వ్యాసకర్త రాయలేదు, అదీ రాయాల్సింది.

గుజరాత్‌లో గిర్నార్ దగ్గర సుదర్శన తటాకం గట్టు తెగితే శక రాజు రుద్రదాముడు జనం మీద పన్ను వేయకుండా సొంత ఖజానాతో కట్టించాడని క్రీ.శ. 150 నాటి శాసనం చెబుతుంది. పని చేయించిన సువిశాఖుడి పేరూ ఆ రాతి మీదే ఉంది. మా కాలువ పని ఎవరు చేశారో ఆఫీసులో అడిగితే, "మీకెందుకండీ" అంటారు. లాకుల దగ్గర షట్టరు తిప్పడానికి లస్కరు లేడు. కాటన్ దొర విగ్రహానికి మాత్రం ఏటా దండ తప్పదు.

శివారు రైతులం అడిగేది ఒక్కటే. ఈ పూడిక పనికి మంజూరైన సొమ్ము, కాంట్రాక్టరు పేరు, కొలత తీసిన ఇంజనీరు పేరు లాకుల గోడ మీద రాయించండి. రాతి మీద అక్కర్లేదు, రేకు బోర్డు చాలు. కిందటి వేసవి బిల్లు కూడా అందులోనే వేయించండి.

— ఒక శివారు ఆయకట్టు రైతు, కోనసీమ