అవ్వ – 4 పాటలు

కరీంనగర్,
బుధవారం రాత్రి.

చిరంజీవి స్రవంతికి,

నాన్న ఆశీర్వదించి వ్రాయునది. ఇక్కడ అమ్మ, నేను, నానమ్మ క్షేమం. చెన్నైలో నీకు తిండి సరిగా కుదిరిందని విని అమ్మ మనసు కాస్త నెమ్మదించింది. నువ్వు పోయిన వారం అడిగిన విషయానికి ఫోన్‌లోనే జవాబు చెబుదామని రెండుసార్లు ప్రయత్నించాను గాని, రెండుసార్లూ మధ్యలో ఎవరో ఒకరు పాట పట్టుకుని వచ్చారు. అందుకే స్టూడియో తాళం వేసి, ఇంటికి వచ్చి, కూర్చుని రాస్తున్నాను.

అటక మీద ఉన్న రెండు ట్రంకు పెట్టెలను పంపిస్తే, వాటిలోని టేపులన్నింటినీ మీ కాలేజీ ల్యాబులో కంప్యూటరులోకి ఎక్కించి, మన స్టూడియో పేరుతో ఒక ఛానల్ తెరిచి, వారానికి ఒక పాట చొప్పున విడుదల చేస్తానన్నావు. ఆలోచన మంచిదే. ఆ పెట్టెలలో 63 ఎస్‌-వీహెచ్‌ఎస్‌ టేపులు, పదకొండు హార్డు డిస్కులు, లెక్కలేనన్ని క్యాసెట్లు ఉన్నాయి. వానాకాలంలో ఒక్కొక్క టేపుకు బూజు పడుతున్న సంగతి నాకు తెలియనిది కాదు. అయితే నువ్వు మాటల మధ్య నాలుగైదుసార్లు "మన పాటలు" అన్నావు చూడు, నేను ఆగిపోయింది అక్కడే.

అవి మన పాటలు కావు బిడ్డా. మనం గది ఇచ్చాము, మైకు పెట్టాము, మీట నొక్కాము, గంటల లెక్కన డబ్బు తీసుకున్నాము. 1957 నాటి కాపీరైట్ చట్టం ప్రకారం ఒక రికార్డింగుకు యజమాని అయ్యేది దానిని చేయించే బాధ్యతను నెత్తిన వేసుకున్న నిర్మాత. ఆ హక్కు పాట విడుదలైన తరువాత 60 సంవత్సరాల వరకు ఉంటుంది. పాడినవారికి, వాయించినవారికి తమ ప్రదర్శన మీద వేరే హక్కు 50 సంవత్సరాలు ఉంటుంది. 2012లో చట్టాన్ని సవరించినప్పుడు ఆ భాగాన్ని ఇంకా గట్టి చేశారు. జానపదం ఎవరు కట్టారో తెలియదు కనుక అది ఎవరిదీ కాదని, ఎవరైనా వాడుకోవచ్చని మన దగ్గరికి వచ్చే కుర్రాళ్లు చాలామంది వాదిస్తారు. పదం ఎవరిదో తెలియకపోవచ్చు, కాని ఆ రోజు ఆ గదిలో ఆ పదాన్ని పాడిన గొంతు ఎవరిదో తెలియకుండా ఎట్లా పోతుంది? తెలియకుండా పోయేటట్లు చేసినవాళ్లలో నేనూ ఒకణ్ని. ఈ ఉత్తరంలో నేను చెప్పవలసిన సంగతి అదే.

ముందు ఇప్పటి స్టూడియో సంగతి కొంచెం చెప్పాలి. సెలవుల్లో నాలుగు రోజులు వచ్చి పోయే నీకు ఇది ఏడాది పొడుగునా ఎట్లా నడుస్తుందో పూర్తిగా తెలియదు. మన వ్యాపారానికి పంచాంగమే క్యాలెండరు. ఆషాఢానికి ముందే బోనాల పాటలు అయిపోవాలి. శ్రావణ భాద్రపదాలలో బతుకమ్మ పాటలకు రాత్రి పన్నెండు వరకు గది ఖాళీ ఉండదు. ఆ వెంటనే అయ్యప్ప స్వాములు వస్తారు. మేడారం జాతర ఉన్న ఏడు సంక్రాంతికి ముందు నుంచే సమ్మక్క పాటలు మొదలవుతాయి. ఎన్నికలు వస్తే పంచాంగం పక్కకు పోతుంది. 2023 నవంబరులో ఒకే గాయకుడు పొద్దున ఒక పార్టీకి, మధ్యాహ్నం ఇంకొక పార్టీకి, రాత్రి స్వతంత్ర అభ్యర్థికి పాడిపోయాడు. మూడింటికీ బాణీ దాదాపు ఒకటే, జెండా రంగు మాత్రమే మారింది. నేను నవ్వుకున్నాను గాని తప్పు పట్టలేదు. ఆ నెల సంపాదన మీదనే అతని ఇంట్లో ఆరు నెలలు గడవాలి. మిగతా రోజుల్లో ఆటో నడిపే పిల్లవాడు సొంతంగా రాసుకున్న పాట, బడి వార్షికోత్సవానికి ట్రాక్, చనిపోయిన తండ్రి మీద కొడుకులు రాయించుకున్న స్మృతిగీతం, ఇట్లాంటివి వస్తుంటాయి. అందరూ చివరికి అడిగేది ఒక్కటే: "అన్నా, సౌండ్ జర గట్టిగ రావాలె." ఎంత గట్టిగా చేసి ఇచ్చినా యూట్యూబ్ దానిని తనకు నచ్చిన మట్టానికి, శబ్దపు గట్టితనాన్ని కొలిచే లెక్కలో దాదాపు మైనస్ పద్నాలుగు లఫ్స్‌కు, దించేస్తుందని ఎవరికి చెప్పగలను? చెప్పడం మానేశాను.

పోయిన నెలలో ఒక డప్పు దరువు రికార్డు చేశాము. నలుగురు కళాకారులు హుజూరాబాద్ వైపు నుంచి వచ్చారు. వానాకాలపు తేమకు, గదిలోని ఏసీ చల్లదనానికి డప్పుల చర్మం సడలిపోయి, దరువు మూటను కొట్టినట్లుగా వినబడింది. ఈక్వలైజరుతో సరిచేద్దామని కీబోర్డు ప్రోగ్రామింగ్ చేసే అబ్బాయి అంటున్నాడు. వాళ్లలో పెద్దాయన ఏమీ మాట్లాడకుండా డప్పు చంకన పెట్టుకుని మేడ మీదికి వెళ్లాడు. అట్టపెట్టెల ముక్కలు, కొంత గడ్డి పోగుచేసి మంట వేసి, నలుగురూ డప్పులు కాచుకున్నారు. చిర్రతో ఒక్క దెబ్బ కొట్టి, చెవి దగ్గర పెట్టుకుని విని, మళ్లీ మంట దగ్గరికి తిప్పి, మళ్లీ విని, చిటికెన పుల్లతో అంచు మీద మీటి చూసి, అప్పుడు కిందికి దిగారు. ఏసీ కట్టేశాను. ఆరు అడుగుల దూరంలో ఒక జత మైకులు పెట్టి, వేగం తప్పకుండా తాళం లెక్క వినిపించే క్లిక్ చప్పుడు తీసివేయమన్నాను. క్లిక్ లేకపోతే తరువాత ప్రోగ్రామింగ్ కలవదని కీబోర్డు అబ్బాయి గొణిగాడు. కాని దరువు మొదలైన చోట ఉన్న వేగంతోనే చివరిదాకా నడవాలని ఎవరు రాసిపెట్టారు? ఊరేగింపు ఊపందుకున్న కొద్దీ దరువు ఊపందుకోవాలి. రెండవ టేక్ ఓకే అయింది. చర్మం మళ్లీ సడలకముందే, ఇరవై నిమిషాలలో పని ముగించాము. పొగ వచ్చిందని కింది బట్టల దుకాణం ఆయన మరునాడు నాతో మాట్లాడలేదు.

ఆ రోజు వాళ్లు వెళ్లేముందు నలుగురి పేర్లు, తండ్రుల పేర్లు, ఊళ్లు, ఫోన్ నంబర్లు రిజిస్టరులో రాయించి సంతకాలు తీసుకున్నాను. నాలుగేళ్లుగా ఎవరు వచ్చినా ఇట్లాగే చేస్తున్నాను. నాన్నకు చాదస్తం ముదిరిందని నువ్వే ఒకసారి నవ్వావు. అంతకు ముందు ఇరవై ఏళ్లకు పైగా నేను రాసినవి రెండే విషయాలు: ఎన్ని గంటలు, ఎంత డబ్బు.

2001 వానాకాలం. అప్పుడు మన స్టూడియో పాత బస్టాండు వెనుక సందులో, ఒక రేకుల గదిలో ఉండేది. 1998లో అప్పు చేసి సెకండ్‌హ్యాండులో కొన్న అడాట్ అనే రికార్డింగు మెషిన్ ఒకటే నాకున్న ఆస్తి. ఎస్‌-వీహెచ్‌ఎస్‌ టేపు మీద ఎనిమిది ట్రాకులు, అంటే ఎనిమిది శబ్దాలు విడివిడిగా; ఒక టేపుకు నలభై నిమిషాలు. ఎల్లమ్మ పాటల క్యాసెట్ చేస్తానని ఒక నిర్మాత ఒక అవ్వను, ఆమెతో జమిడిక అనే తీగ వాద్యం వాయించే ఒకాయనను, వంత పాడే ఇద్దరు ఆడవాళ్లను తీసుకువచ్చాడు. రేకుల మీద వాన పడితే పని ఆపాలి; వాన ఆగితే పక్కింటి బోరు మోటారు ఆన్ అవుతుంది. రెండూ లేని సమయం కోసం వాళ్లు మధ్యాహ్నమంతా గోడకు ఆనుకుని కూర్చున్నారు. అవ్వకు హెడ్‌ఫోన్ పెట్టబోతే చెవులు మూసుకుంటే పాట ఎట్లా వస్తుందని అడిగింది. సరేనని తీసివేశాను. జమిడిక ఆయనను ఆమెకు ఎదురుగా కూర్చోబెట్టాను. ఆయన జమిడికను చంకలో ఇరికించుకుని తీగ మీటితే, ఆ మోతను పట్టుకుని ఆమె గొంతు ఎత్తింది. నా ఇన్నేళ్ల అనుభవంలో అట్లాంటి ఎత్తుగడ మళ్లీ వినలేదు. రెండవ చరణం చివర ఎవరో తలుపు తోశారు. దాని కిర్రుమనే చప్పుడు టేపులో పడింది. మళ్లీ పాడించమని నిర్మాత అన్నాడు; పాడించాను; చప్పుడు లేదు గాని మొదటిసారి వచ్చింది కూడా రాలేదు. కిర్రుమన్న టేకునే ఉంచాము.

క్యాసెట్ వచ్చింది. అట్ట మీద ఒక సినిమా తార బొమ్మ, నిర్మాత పేరు, ఫోన్ నంబరు ఉన్నాయి. అవ్వ పేరు లేదు. నేను ఆ అట్ట చూసి బాధపడ్డానని చెబితే అబద్ధమవుతుంది, గమనించనే లేదు.

అయిదేళ్ల కిందట ఒక పెళ్లి ఊరేగింపు మన వీధిలో ఆగినప్పుడు డీజే ఒక పాట వేశాడు. ఎలక్ట్రానిక్ డ్రమ్ములు, వాటి కింద సగం మునిగిపోయిన ఒక ఆడగొంతు. రెండవ చరణం చివర తలుపు కిర్రుమంది. నేను చేతిలోని టీ గ్లాసు అట్లాగే పట్టుకుని నిలబడిపోయాను. తరువాత వెతికితే ఆ పాట ఒక ఛానల్‌లో దొరికింది. సాహిత్యం, సంగీతం, గానం అన్నీ ఎవరెవరో కుర్రాళ్ల పేర్ల మీద ఉన్నాయి. నా దగ్గర ఋజువు ఉండాలి కదా అని ఆ రాత్రే పాత రిజిస్టరు తీశాను. 2001 ఆగస్టు పేజీలో నా చేతిరాత ఇట్లా ఉంది: "అవ్వ – 4 పాటలు – 5 గంటలు – 600." అంతే. ఆ నిర్మాత కూడా అప్పటికే చనిపోయాడు. పాట ఎవరిదని ఆ ఛానల్ వాళ్లు ఎదురు ప్రశ్న వేస్తే నేను చెప్పగలిగింది ఏమీ లేదు. పేర్ల రిజిస్టరు మొదలుపెట్టింది ఆ తరువాతనే.

నువ్వు టేపుల సంగతి ఎత్తిన తరువాత మొన్న శనివారం అడాట్‌ను కిందికి దింపాను. బెల్టు మార్చి, హెడ్ తుడిచి, ముందు ఒక పనికిరాని టేపు ఆడించి చూసి, తరువాత అవ్వ టేపు పెట్టాను. బూజు లేదు, అదృష్టం. ఆ మెషిన్ పరుగందుకుని నిలకడ పడడానికి కొన్ని సెకన్లు పట్టేది కనుక, నేను ఎప్పుడూ పాటకు చాలా ముందే రికార్డు నొక్కేవాడిని. క్యాసెట్‌లో వాటిని కోసివేశాము. టేపులో అట్లాగే ఉన్నాయి. మొదటి ట్రాకు ఒక్కటే తెరిచి విన్నాను. రేకుల మీద చివరి చినుకులు, ఎవరిదో దగ్గు, తరువాత జమిడిక ఆయన గొంతు: "మల్లవ్వా, ఇగ షురు జెయ్యి. ఆరింటి బస్సు తప్పితే హుస్నాబాద్ల పండుడే." దానికి ఆమె నవ్వు. ఆ వెంటనే పాట.

నేను ఆ ముక్కను ఎన్నిసార్లు విన్నానో లెక్క పెట్టలేదు. అమ్మ వచ్చి భోజనానికి పిలిచి, తానూ విని, ఏమీ అనకుండా పక్కన కూర్చుంది.

కాబట్టి పెట్టెలు పంపను. నువ్వే దసరా సెలవులకు రా. ఇద్దరం కలిసి చేద్దాం. అడాట్ నుంచి ఆప్టికల్ కేబుల్ ద్వారా ఎనిమిది ట్రాకులూ ఒకేసారి కంప్యూటరులోకి ఎక్కుతాయి; మంచి కేబుల్ అక్కడ రిచీ స్ట్రీట్‌లో దొరుకుతుంది, రెండు తీసుకురా. బూజు పట్టిన టేపులను విడిగా పెట్టాను, వాటిని మెషిన్‌లో పెట్టే సాహసం చేయవద్దు. ఒక్కటి చాలు, హెడ్ పాడు కావడానికి. హార్డు డిస్కులలోని పాత ప్రాజెక్టులు ఇప్పటి సాఫ్ట్‌వేరులో తెరుచుకోవు కనుక ప్రతి ట్రాకునూ మొదటి సెకను నుంచి విడి వేవ్ ఫైలుగా తీయాలి. 24 బిట్, 48 కిలోహెర్ట్జ్‌లో ఒక ట్రాకు నిమిషానికి ఎనిమిదిన్నర ఎంబీ అవుతుంది. ఇరవై నాలుగు ట్రాకుల అయిదు నిమిషాల పాట దాదాపు ఒక జీబీ. డిస్కులు రెండు జతలు కొందాం, ఒక జత స్టూడియోలో, ఇంకొక జత ఇంట్లో. ఇవన్నీ నాకంటే నీకే బాగా తెలుసు. నాకు తెలిసినది ఒకటి చెబుతాను, అది తప్పకుండా పాటించు: పాటకు ముందు, పాటకు తరువాత ఉన్న మాటలను ఎక్కడా కత్తిరించవద్దు. మీ ల్యాబులో శుభ్రం చేయడం అంటే ముందుగా చేసేది అదే కదా. మన రిజిస్టరులో లేని పేర్లన్నీ, ఉంటే గింటే, ఆ దగ్గుల మధ్యనే ఉన్నాయి.

ఛానల్ సంగతి ఆ తరువాత. ఎవరి పాట అయితే వాళ్లను గాని, వాళ్ల పిల్లలను గాని, చేయించిన నిర్మాతను గాని కలిసి, కాగితం మీద ఒప్పించుకుని, పేర్లు పెట్టి, డబ్బు వస్తే వాటా ఎంతో ముందే రాసుకుని విడుదల చేద్దాం. వారానికి ఒకటి కుదరదు. ఏడాదికి నాలుగు పాటలు కుదిరినా నాకు చాలు. నీకు తక్కువ అనిపిస్తే వచ్చినప్పుడు పోట్లాడుకుందాం.

ఈ ఆదివారం బుకింగులు తీసుకోలేదు. అవ్వ పాటలు నాలుగూ ఫోన్‌లో వేసుకుని, చిన్న స్పీకరు ఒకటి సంచిలో పెట్టుకుని పొద్దుటి బస్సుకు హుస్నాబాద్ వెళుతున్నాను. అప్పటికే ఆమెకు అరవై దాటి ఉంటాయి, ఆమె ఉంటుందన్న ఆశ లేదు. ఎల్లమ్మ పాటలు పాడే బైండ్లవాళ్ల ఇళ్లు ఏయే ఊళ్లలో ఉన్నాయో బస్టాండులో అడిగి, ఆ జమిడిక ఆయన మాటలు వినిపిస్తాను. గొంతు గుర్తుపట్టేవాళ్లు ఒక్కరైనా దొరకకపోరు.

అమ్మ సకినాలు డబ్బాలో పెట్టి పక్కింటివాళ్ల అబ్బాయితో పంపుతున్నది. అతను శుక్రవారం రాత్రి రైలు ఎక్కుతాడు. శనివారం స్టేషనుకు వెళ్లి తీసుకో.

ఆశీస్సులతో,
నాన్న