కూల్‌డ్రింక్ సీసాల్లో యాసిడ్ అమ్మకం ఆపించాలి

సంపాదకుడు గారికి,

మా నల్లగొండలో బాత్రూమ్‌లు కడిగే యాసిడ్‌ను ఇప్పటికీ బండ్ల మీద, చిన్న కొట్లలో, వాడి పారేసిన కూల్‌డ్రింక్ సీసాల్లో పోసి అమ్ముతున్నారు. మొన్న మా వీధికి వచ్చిన బండి మీద ఒక సీసాకు పాత స్టిక్కర్ సగం అలాగే ఉంది, లోపల పసుపుపచ్చని యాసిడ్. ఎండలో ఆడి దూపతో వచ్చిన పిల్లవాడు దాన్ని ఏమనుకుంటాడు? పేరు లేదు, ప్రమాద గుర్తు లేదు, పొరపాటున మింగితే ఏం చేయాలో ఒక్క ముక్క లేదు. బ్లీచింగ్ పౌడర్‌తో కలిస్తే క్లోరిన్ అనే విషవాయువు వస్తుందని కొనేవాళ్లకు ఎవరు చెప్పాలి?

నిబంధనలు లేక కాదు. కొన్నవారి పేరు, చిరునామా రిజిస్టర్‌లో రాయాలని, గుర్తింపు కార్డు చూడాలని, 18 ఏళ్లు నిండనివారికి అమ్మకూడదని 2013లోనే సుప్రీంకోర్టు ఆదేశించింది. తప్పితే 50,000 రూపాయల వరకు జరిమానా. యాసిడ్ దాడులు ఆపడానికి వచ్చిన ఆదేశాలివి. అమలు చేస్తే ఈ విడి అమ్మకాలకూ అడ్డుకట్ట పడుతుంది.

బండివాళ్ల పొట్ట కొట్టమని అనడం లేదు. వాళ్లకు సరుకు పోసే గోదాములను ఆర్డీవో గారు ముందు తనిఖీ చేయాలి. తెలుగులో హెచ్చరిక లేని సీసా అక్కడి నుంచే బయటికి రానివ్వకూడదు.

– ఒక గృహిణి, నల్లగొండ