ఆ ఫారం ఇచ్చెయ్యి పాపా

గుంటూరు

చి. సౌ. పాపకు,

అమ్మ దీవించి రాస్తున్నది. నిన్న ఫోనులో నువ్వన్న మాటకి రాత్రి నిద్ర పట్టలేదు. నా మనవడు బుజ్జిగాడికి ఆస్తమా వస్తే ఏం చెయ్యాలో డాక్టరు రాసిచ్చే ఆ ఫారం ఈ ఏడు స్కూల్లో ఇవ్వనన్నావు. "ఇస్తే జబ్బు పిల్లాడని ముద్ర పడిపోతుందమ్మా" అన్నావు. ఆ మాట నీది కాదు, నాది. చిన్నప్పుడు నీకు నూరిపోసింది నేనే.

మిర్చి యార్డు సీజను వస్తే చాలు, నీకు పిల్లికూతలు మొదలయ్యేవి. ఆడపిల్లకి ఉబ్బసమని బయటపడితే రేపు సంబంధాలు రావని నేనూ మీ నాయనమ్మా కూడబలుక్కుని, ఎవరడిగినా జలుబని చెప్పమనేవాళ్ళం. డెరిఫిలిన్ మాత్రలు కాగితంలో చుట్టి నీ జామెట్రీ బాక్సులో పెట్టేదాన్ని. డ్రిల్లు పీరియడులో వేపచెట్టు కింద కూర్చుంటే బద్ధకమని మాస్టారు తిట్టినా నువ్వు నోరు విప్పలేదు. నేనూ టీచర్నే కదా, నా క్లాసులో ఎవడైనా ఎగరొప్పుతుంటే మంచినీళ్ళు తాగించి ఇంటికి పంపేదాన్ని. అంతకు మించి నాకేం తెలుసు?

పోయిన మేలో నేను న్యూజెర్సీలో ఉండగా స్కూలు నుంచి ఫోనొచ్చింది, గుర్తుందా? మనం టెన్షన్‌తో పరిగెత్తుకెళ్ళేసరికి స్కూలు నర్సమ్మ వాణ్ణి నిటారుగా కూర్చోబెట్టి, ఆయాసానికి పీల్చే నీలం పంపు (ఇన్హేలరు) ఊపి, స్పేసరుకి, అదే మందు పీల్చే ఆ గొట్టానికి, తగిలిస్తోంది. ఒక్కసారి నొక్కింది. నెమ్మదిగా పీల్చమని, తన పది వేళ్ళూ ఒక్కొక్కటే ముడుస్తూ పోయింది. వాడు ఆ వేళ్ళకేసే చూస్తూ ఊపిరి బిగబట్టాడు. నిమిషం ఆగి రెండోసారి. పావుగంటయ్యాక స్టెతస్కోపు పెట్టి విని, టైము రాసుకుని, వాణ్ణి క్లాసుకి పంపేసింది. ఇంటికి కాదు, క్లాసుకి! నాకైతే అదే వింత.

ఆ తర్వాత ఆవిడ చెప్పింది నువ్వు సగమే విన్నావేమో. రెండు వారాల్లో వాడు మూడుసార్లు వచ్చాడని, మూడూ ఆటల పీరియడు అయ్యాకేనని కాగితం చూపించింది. డాక్టరుతో మాట్లాడమంది. అప్పుడు కదా, ఆయాసం రాకుండా రోజూ పొద్దున వాడాల్సిన రెండో పంపు మనం హడావుడిలో ఎగ్గొడుతున్నామని తేలింది! ఇంట్లో నలుగురం ఉండి కనిపెట్టలేదు.

తిరిగొచ్చాక ఆ స్కూలు నర్సుల సంగతి కొంచెం చదివాను. 1902లో న్యూయార్కులో లీనా రోజర్స్ అనే నర్సుని బడులకి పంపారట. అంతకుముందు కళ్ళకలకలని, గజ్జని పిల్లల్ని ఇంటికి తోలేస్తే వాళ్ళు బడి ముఖమే చూసేవాళ్ళు కాదట. ఆవిడొచ్చాక మానేసే పిల్లలు బాగా తగ్గిపోయారట. పిల్లల్ని ఇంటికి తోలిన టీచర్ని కాబట్టి నాకది కాస్త గుచ్చుకుంది.

ఆ ఫారంలో ఉన్నదేముంది? పచ్చగడిలో రోజువారీ మందు, పసుపు గడిలో దగ్గు, కూతలు మొదలైతే ఏం చెయ్యాలో, ఎర్రగడిలో ఎప్పుడు 911కి, అదే మీ అత్యవసర నంబరుకి, కొట్టాలో. డాక్టరు సంతకం, నీ సంతకం. ఏటా కొత్తది ఇవ్వాలి, పాతది చెల్లదు. అది లేకపోతే పాపం ఆ నర్సమ్మ చేతిలో మందున్నా వెయ్యడానికి వెనకాడుతుంది. వాడి బ్యాగులో ఒక పంపు ఉంచుకోనివ్వాలన్నా దానికీ డాక్టరు రాసివ్వాలి. సెప్టెంబరులో బడులు తెరవగానే జలుబులు అంటుకుంటాయి, ఈ పిల్లలకి ఆ నెలే గండం. కాబట్టి నానబెట్టకు. ఇంకో పంపు, స్పేసరు మీద పేరు రాసి మొదటిరోజే నువ్వే వెళ్ళి ఆవిడ చేతికివ్వు. పంపు మీద తేదీ చూసుకో.

అల్లుడుగారిని అడిగానని చెప్పు. కారప్పొడి పార్శిల్ వేశాను, మూత నువ్వే తియ్యి. తాలింపులో ఎండుమిర్చి వేసేముందు ఫ్యాన్ వేసి, బుజ్జిగాణ్ణి మేడ మీదకి పంపు.

ఆశీస్సులతో,
అమ్మ