బొంబాయి టేకు ఓడ

సంపాదకునికి,

పాత తెరచాప యుద్ధనౌకల గురించి మన పత్రికల్లో ఎప్పుడైనా రాస్తే బ్రిటన్ ఓడ విక్టరీ, అమెరికా ఓడ కాన్‌స్టిట్యూషన్‌లతో సరిపెడతారు. నీటిమీద ఇంకా తేలుతున్న బ్రిటిష్ యుద్ధనౌకల్లో అన్నిటికన్నా పాతది ట్రింకోమలీ అనీ, దాన్ని కట్టింది బొంబాయిలో అనీ చెప్పేవారు అరుదు.

దాని పుట్టుకే ఒక కథ. దాని నిర్మాణ పటాలను మోసుకొస్తున్న జావా అనే బ్రిటిష్ నౌక 1812 డిసెంబరులో బ్రెజిల్ తీరం దగ్గర అదే కాన్‌స్టిట్యూషన్‌ చేతిలో ఓడిపోయింది. పటాలు మళ్లీ పంపవలసి వచ్చింది. పార్సీ నిపుణుడు జంషెడ్‌జీ బొమన్‌జీ వాడియా ఆధ్వర్యంలో మలబారు టేకుతో కట్టిన ఈ ఫ్రిగేట్ (వేగంగా సాగే మధ్యరకం యుద్ధనౌక) 1817 అక్టోబరు 12న నీటిలోకి దిగింది. తీరా ఇంగ్లండు చేరేసరికి నెపోలియన్‌తో యుద్ధాలే లేవు! పాతికేళ్లు రేవులో ఊరికే పడి ఉంది. 1847 తర్వాత మాత్రం ఉత్తర అమెరికా, వెస్టిండీస్ జలాల్లోనూ, ఆపైన పసిఫిక్‌లోనూ పనిచేసింది. తర్వాత శిక్షణ నౌక అయింది. 1897లో తుక్కు కింద అమ్ముడుపోయాక ఒక దాత కొని ఫుద్రోయాం అని పేరు మార్చి కాపాడాడు. 1992లో పాత పేరు తిరిగి వచ్చింది.

నేడది ఇంగ్లండులోని హార్టిల్‌పూల్ రేవులో ఉంది. ఓక్ ఓడలెన్నో పుచ్చిపోయినా ఇది నిలిచిందంటే ఆ ఘనతలో పెద్ద వాటా మన టేకుదీ, మన వడ్రంగులదీ. మీ ఆదివారం అనుబంధంలో వాడియాల ఓడల మీద ఒక వ్యాసం వేయించగలరా?

– ఒక విశ్రాంత చరిత్ర ఉపాధ్యాయుడు, కాకినాడ