తణుకులో నాలుగు వేలే, మీ దగ్గర పదిన్నర వేలేంటండీ?

మొన్న ఆదివారం పొద్దున్నే ఫోన్. "ఆయ్, డాక్టర్ గారండీ, మా ల్యాబ్రడార్ కుక్కకి పిల్లలు పుట్టకుండా ఆపరేషన్‌కి పదిన్నర వేలవుతుందని మీ వాళ్ళన్నారంట. తణుకులో మా బావమరిది నాలుగు వేలకి చేయించేశాడండి. హైదరాబాద్‌లో మా అమ్మాయి దగ్గరేమో ఇరవై రెండు వేలు తీసుకున్నారు. అసలీ రేట్లు ఎవరు పెడతారండీ?"

ఎవరూ పెట్టరండి. ప్రైవేటులో ఎవరి ఖర్చుని బట్టి వాళ్ళు వేసుకోవడమే. ఆయనకి ఫోన్లో సరిగ్గా చెప్పలేకపోయాను. ఎలాగూ ఒకటో తారీఖు నుంచి రాజమండ్రిలో మా రేట్లు మారుతున్నాయి కాబట్టి అందరికీ కలిపి రాస్తున్నాను.

ఆడ కుక్కకి కుటుంబ నియంత్రణ ఆపరేషన్ ఇన్నాళ్ళూ సైజుతో పనిలేకుండా 8,000 తీసుకున్నాం. ఇకమీదట 10 కిలోల లోపు 7,500, 25 కిలోల దాకా 9,000, ఆ పైన 10,500. మగపిల్లికి పాత రేటే, 2,500. నిజం చెప్పాలంటే ఇన్నాళ్ళూ పామేరియన్ల వాళ్ళు ల్యాబ్రడార్ల (ల్యాబ్‌ల) వాళ్ళ ఖర్చు మోశారు. వాళ్ళు అడగలేదు, నేనూ చెప్పలేదు. మత్తు మందు కిలోల లెక్కన పడుతుంది. పైగా ముప్పై నాలుగు కిలోల ల్యాబ్ పొట్ట తెరిస్తే ముందు కనబడేది కొవ్వే. అందులోంచి అండాశయాన్ని వేళ్ళతో వెతికి పైకి తెచ్చి, రక్తనాళానికి ముడి జారకుండా వేయాలి. చిన్న కుక్కకి అరగంటలో అయ్యే పని దీనికి గంటంపావు.

ఇక ఊరూరికీ తేడా సంగతి. మందుల వల్ల కాదు. సీసా మీద ఎంఆర్‌పీ హైదరాబాద్ కొండాపూర్‌లోనూ ఇక్కడా ఒకటే. అద్దె మాకు తక్కువే, ఒప్పుకుంటాను. కానీ గ్యాస్ మత్తు మెషిన్, మానిటర్ ఏ ఊళ్ళో కొన్నా అదే ధర. మా రెండింటికీ కలిపి నెలకి 16,000 వాయిదా. నెలకి మేం చేసేవి పదిహేను, పదహారు ఆపరేషన్లు. అంటే కత్తి పట్టకముందే ఒక్కో కుక్క మీద వెయ్యి రూపాయలు పడిపోయింది. రోజుకి నాలుగైదు చేసే పెద్దాసుపత్రికి ఆ భారం తెలియదు. పశువైద్యం ఫీజు మీద జీఎస్టీ లేదు కాబట్టి, మెషిన్ కొన్నప్పుడు నేను కట్టిన పన్ను వెనక్కి కూడా రాదు. "జీఎస్టీ తీసేసి బిల్లెయ్యండి" అనేవాళ్ళు దయచేసి గమనించగలరు. అసలు వేస్తేగా తీసేయడానికి!

మరి హైదరాబాద్‌లో ఇరవై రెండు ఎందుకంటే, అక్కడ అద్దె ఒకటే కాదు. కోసేవాళ్ళు ఒకరు, మత్తు చూసుకునేవాళ్ళు ఇంకొకరు, రక్తపరీక్షలు చేసేది అదే బిల్డింగులో, రాత్రి డ్యూటీకి మనుషులు. అర్ధరాత్రి రెండింటికి కుక్క ఊపిరి తేడాగా ఉంటే పక్కన మనిషి ఉంటారు. మా దగ్గర రాత్రి తొమ్మిది దాటితే నేనొక్కణ్ణే, అదీ ఫోన్లో. ఆ తేడాకి వాళ్ళు డబ్బు తీసుకోవడం న్యాయమే అంటాను.

తణుకు నాలుగు వేల గురించి కూడా చెడుగా మాట్లాడను. జైలజీన్, కెటమైన్ అనే మత్తు మందుల ఇంజెక్షన్ ఇచ్చి, ఊపిరి కోసం గొంతులో ట్యూబ్, మానిటర్ లేకుండా చేసే పద్ధతి అయ్యుంటుంది. చేసేవారి హస్తవాసి బాగుంటే, వయసులో ఉన్న ఆరోగ్యమైన కుక్క సాయంత్రానికి లేచి తిరుగుతుంది. నేనూ మొదటి మూడేళ్ళు అలాగే చేశాను. పగ్‌లాంటి చప్పిడి ముక్కు కుక్కకి మాత్రం ఇప్పుడు ఎంత బతిమాలినా ట్యూబ్ లేకుండా మత్తు ఇవ్వను.

రేటు పెరగడానికి అసలు కారణం రక్తపరీక్ష. ఇది కొంచెం వివరంగా చెప్పాలి, ఎందుకంటే తప్పు నాది.

మన గోదావరి జిల్లాల్లో పిడుదులకి సెలవు లేదు. చలికాలం కూడా వాటిని ఆపేంత చలి ఉండదు. అవి అంటించే ఎర్లికియా జ్వరం, రక్తం గడ్డకట్టడానికి కావాల్సిన ప్లేట్‌లెట్లని తినేస్తుంది. చిత్రమేమిటంటే నెలల తరబడి కుక్క పైకి బాగానే ఉంటుంది, తింటుంది, ఆడుతుంది. రెండేళ్ళ క్రితం రేటు తక్కువగా కనబడాలని నేను ఆ 900 రూపాయల పరీక్షని 'మీ ఇష్టం' అని వదిలేశాను. నాలుగేళ్ళ ల్యాబ్ ఒకటి తోక ఊపుకుంటూ వచ్చింది. పరీక్ష వద్దన్నారు, సరే అన్నాను. ఆపరేషన్ బాగానే అయింది. సాయంత్రం కట్టు తడిసింది. మార్చాను, మళ్ళీ తడిసింది. పెదవి ఎత్తి చూస్తే చిగుళ్ళు తెల్లగా సున్నం కొట్టినట్టున్నాయి. అప్పుడు చేయిస్తే ప్లేట్‌లెట్లు 38,000. మామూలుగా రెండు లక్షల పైన ఉండాలి. రాత్రి పదకొండింటికి ఇంకో కస్టమర్ తన జర్మన్ షెపర్డ్‌ని తీసుకొచ్చి రక్తం ఇప్పించారు. ల్యాబ్ బతికింది. ఆ రాత్రి ఖర్చు నేనే పెట్టుకున్నాను. అప్పట్నుంచి పరీక్ష తప్పనిసరి చేశాను గానీ, దాని ఖర్చు రేటులో కలపకుండా చేతి నుంచి వేసుకుంటూ వచ్చాను. ఇక కుదరడం లేదు.

గర్భసంచిలో చీము పట్టి వచ్చే కేసుల్లో బిల్లు దాదాపు రెట్టింపు అవుతుంది, దీనికి ఏ ఊరైనా ఒకటే. తీసేది అదే గర్భసంచి అయినా, ఇది చీముతో ఉబ్బి చేయి తగిలితే చిట్లేలా ఉంటుంది. ముందు సెలైన్లతో కుక్కని నిలబెట్టాలి, తర్వాత రెండు మూడు రోజులు ఉంచుకోవాలి. మీ కుక్క హీట్ (ఎద) అయిపోయిన నెలా రెండు నెలల్లో నీళ్ళు విపరీతంగా తాగి, తిండి మానేస్తే రేట్లు కనుక్కుంటూ కూర్చోకండి, వెంటనే తీసుకురండి.

కాలు విరిగి ప్లేట్ వేయాల్సినవి ఇక మేం చెయ్యం. ప్లేట్లు, స్క్రూలు తెప్పించి, సర్జన్‌ని బయటి నుంచి పిలిపిస్తే, ఆ రానుపోను ఖర్చుతో కలిపి విజయవాడ కంటే మా దగ్గరే ఎక్కువ పడుతోంది. చిన్న ఊళ్ళో అంతా చవక అనుకోవడం ఇక్కడే దెబ్బతింటుంది. ఎక్స్‌రే తీసి, కట్టు కట్టి, అక్కడి డాక్టర్లకి ఉత్తరం రాసిస్తాను.

డబ్బు ఇబ్బంది ఉన్నవాళ్ళు మొహమాటపడకండి. గన్నవరంలో పశువైద్య కళాశాల ఉంది, నామమాత్రపు ఫీజుతో చూస్తారు. ప్రయాణం, వరుసలో నిలబడటం ఉంటాయి, అంతే. ఉత్తరం అడిగితే దానికీ ఇస్తాను, ఫీజు లేదు.

పాత రేటుకి ఇప్పటికే డేట్ తీసుకున్నవాళ్ళు పదకొండు మంది ఉన్నారు. వాళ్ళకి పాత రేటే. ముందు రోజు రాత్రి పది తర్వాత తిండి పెట్టొద్దని మళ్ళీ చెబుతున్నాను. పోయిన వారం ఒకాయన "పెరుగన్నమే కదండీ" అన్నారు. ఆయన డేట్ శుక్రవారానికి మారింది.