కొలత చెప్పకుండా రికార్డు అడక్కురా

చెన్నై, మాంబళం

ఒరేయ్ శీనూ,

నీ క్విజ్ ప్రశ్నలు అందాయి. చాలావాటికి ఒకటే జబ్బు పట్టుకుందిరా. "అతి పెద్దది ఏది, అతి పొడవైనది ఏది" అని అడిగి ఊరుకున్నావు, దేన్ని బట్టి కొలవాలో చెప్పలేదు. పిల్లలు సర్దుకుపోతారేమోగానీ, వెనక కుర్చీల్లో కూర్చునే వాళ్ల నాన్నలు నిన్ను వదలరు.

మొదటి ప్రశ్నే చూడు. ఎత్తయిన శిఖరం ఎవరెస్టే, సముద్రమట్టం నుంచి కొలిస్తే. నేపాల్, చైనా కలిసి 2020లో ప్రకటించిన ఎత్తు 8,848.86 మీటర్లు. అంతకుముందు చైనా 8,844.43 అనేది, ఎందుకంటే మంచు తీసేసి రాయి వరకే లెక్కపెట్టింది. భూమి మధ్య నుంచి కొలిచావా, 6,263 మీటర్ల చింబొరాజో ఎవరెస్టును రెండు కిలోమీటర్ల పైచిలుకు తేడాతో దాటేస్తుంది. భూమి నడుం దగ్గర ఉబ్బి ఉంటుంది, ఈక్వెడార్‌లోని ఆ కొండ సరిగ్గా ఆ ఉబ్బు మీదే కూర్చుంది. అడుగు నుంచి కొన దాకా అంటే హవాయిలోని మౌనా కియా. పది వేల మీటర్లకు పైనే, సగానికి పైగా నీళ్లలోనే ఉంది.

"ఆంధ్ర తీరరేఖ దేశంలో ఎన్నోది?" అన్న ప్రశ్న మాత్రం తప్పకుండా ఉంచు, నీ కట్టలో ఇదే రత్నం. కానీ జవాబు మార్చాలి. పాత గైడ్లలో రాష్ట్రాల్లో గుజరాత్ తర్వాత మనమే, 974 కిలోమీటర్లు. 2023-24 కేంద్ర హోంశాఖ నివేదికలో మనది 1,053, తమిళనాడుది 1,068. ఇక్కడి వాళ్లు మనల్ని పదిహేను కిలోమీటర్లతో దాటేశారు! దేశం మొత్తం తీరమే 7,516 నుంచి 11,098 కిలోమీటర్లకు ఎగబాకింది. సముద్రం ఎక్కడికీ జరగలేదురా, మ్యాపు మారింది. పాత లెక్క 1:45,00,000 స్కేలు మ్యాపు మీద తీసింది. అందులో ఒక మిల్లీమీటరు అంటే నాలుగున్నర కిలోమీటర్లు, చెన్నై పక్కనున్న మా ఎన్నూర్ క్రీక్ (సముద్రపు పాయ) మూతి లాంటివి గీత మందంలోనే కలిసిపోతాయి. కొత్తది 1:2,50,000. అందులో మిల్లీమీటరు అంటే పావు కిలోమీటరే, కాబట్టి ప్రతి వంపూ లెక్కలోకి వస్తుంది. స్టేజి మీద రెండు మ్యాపులు పెట్టి, ఒకే తీరం వెంట దారం వేయించు. మందపాటి దారం తీసుకుంటే వంపుల్లోకి దిగదు, కుట్టుదారం తెచ్చుకో.

సరిహద్దుల్లోనూ ఇదే తిరకాసు. కెనడా-అమెరికా సరిహద్దు 8,891 కిలోమీటర్లు, కానీ అందులో 2,475 అలాస్కా వైపుది. తెగకుండా సాగే సరిహద్దు అని అడిగితే జవాబు రష్యా-కజకిస్తాన్, సుమారు 7,600. టైమ్ జోన్లు ఎక్కువ ఎవరికంటే రష్యా అని రాశావు. రష్యాకు 11, సముద్రాల అవతలి భూభాగాలన్నీ కలిపితే ఫ్రాన్స్‌కు 12.

మిగతావి గబగబా. వైశాల్యంలో పెద్ద సరస్సు కాస్పియన్, "మంచినీటి" అని చేరిస్తే సుపీరియర్, "లోతైనది" అంటే బైకాల్, 1,642 మీటర్లు. పెద్ద ఎడారి సహారా కాదు, అంటార్కిటికా. సహారాయే కావాలంటే "వేడి" అన్న మాట పెట్టు. నైలు-అమెజాన్ పొడవు ప్రశ్న మాత్రం కొట్టేయ్. మూలం ఎక్కడో, మూతి ఎక్కడో శాస్త్రజ్ఞులే తేల్చుకోలేదు, నీకెందుకు ఆ తగువు? మెరీనా ప్రపంచంలో రెండో పొడవైన బీచ్ అన్నదీ తీసేయ్. ఇక్కడ ఆటోవాళ్లు కూడా అదే చెప్తారనుకో, కానీ మెరీనా సుమారు ఆరు కిలోమీటర్లే, బంగ్లాదేశ్ కాక్స్ బజార్ నూట ఇరవై.

ప్రతి ప్రశ్నలోనూ కొలత, ఎక్కడి నుంచి ఎక్కడికి అన్నది, ఏ సంవత్సరం లెక్క అన్నది ఉండాలి. అంకె చెప్పమనే ప్రశ్నలకు ఎంత తేడా వరకు ఒప్పుకుంటారో జవాబుల కాగితం మీదే రాసిపెట్టు, స్కోరు వేసేవాళ్లు స్టేజి మీద తలలు పట్టుకోకుండా. దిద్ది ఆదివారంలోగా పంపు, ఇంకోసారి చూస్తాను.

నీ
రాఘవ