కాగితం పూల మొక్కకు రోజూ నీళ్లు పోయమని రాయకండి

సంపాదకులకు,

తోటపని శీర్షికల్లో ఏ మొక్క గురించి రాసినా చివర ఒకే మాట కనిపిస్తుంది: రోజూ నీళ్లు పోయాలి, పదిహేను రోజులకోసారి ఎరువు వేయాలి. మందారానికీ గులాబీకీ ఆ మాట కొంతవరకు నప్పుతుంది. కాగితం పూల మొక్కకు, అదే బోగన్‌విల్లాకు, ఈ సలహా పాటిస్తే తీగలు గోడెక్కుతాయి, ఆకులు అరచేయంత అవుతాయి, పువ్వు మాత్రం కనబడదు. "మొక్క ఏపుగానే ఉంది, పూయడం లేదు" అని అడిగేవాళ్ల ప్రశ్నలోనే జవాబుంది. ఏపుగా ఉంది కాబట్టే పూయడం లేదు.

ఒక కొమ్మను దగ్గరగా పట్టుకుని, ఆకు కాడ కొమ్మకు అతుక్కున్న చోట చూడండి. అక్కడొక ముల్లుంటుంది. పూసిన కొమ్మ మీద సరిగ్గా అదే చోటి నుంచి పూగుత్తి కాడ బయల్దేరుతుంది. రెండూ ఒకే అంగానికి రెండు రూపాలు. నీళ్లూ నత్రజనీ దండిగా అంది కొమ్మ జోరుగా సాగుతుంటే అది ముల్లుగా గట్టిపడుతుంది. సాగుడు నెమ్మదించి, ఎండ నిండుగా తగిలి, పగటి పొద్దు తగ్గే రోజులు వస్తే అదే పూగుత్తి అవుతుంది. పొడవాటి ముళ్లతో నిటారుగా లేచిన కొమ్మలు కనిపిస్తే ఆ మొక్కకు తిండి ఎక్కువైందని అర్థం.

మనం పువ్వు అంటున్నది కూడా నిజానికి పువ్వు కాదులెండి. రంగురంగుల రేకలు మూడూ పుచ్ఛాలు, అంటే రూపం మారిన ఆకులు. వెలుగుకి ఎదురుగా పట్టుకుంటే ఆకులో ఉన్నట్టే ఈనెలు కనిపిస్తాయి. ఒక్కో రేకకు ఒకటి చొప్పున మధ్యలో అతుక్కుని ఉండే సన్నటి తెల్ల గొట్టాలే అసలు పూలు. అవి వాడిపోయాక కూడా రేకలు వారాల తరబడి రంగు నిలుపుకుంటాయి. ఇది దక్షిణ అమెరికా మొక్క. 1766-69 మధ్య ప్రపంచం చుట్టివచ్చిన ఫ్రెంచి నావికుడు బూగన్‌విల్ పేరే దీనికి పెట్టారు. ఆయన వెంట ఓడలో వెళ్లిన వృక్షశాస్త్రవేత్త కొమ్మెర్సన్ బ్రెజిల్‌లో దీన్ని గమనించాడు.

ముందు ఎండ సంగతి. నేరుగా పడే ఎండ రోజుకు ఆరు గంటలు ఉండాలి. మూడు నాలుగు గంటలే పడితే మొక్క చావదు, అక్కడొక గుత్తి ఇక్కడొక గుత్తి పూసి ఊరుకుంటుంది. ఆ లోటును ఏ ఎరువూ పూడ్చదు. వరండాలోనో పెద్దచెట్టు కిందో పెట్టాల్సివస్తే వేరే మొక్క చూసుకోవడం మేలు. మంచు గడ్డకట్టే చలిని కూడా ఇది తట్టుకోలేదు.

కుండీ అయితే మట్టిదే మంచిది, 10 నుంచి 12 అంగుళాలు చాలు. చిన్న మొక్కను పెద్ద తొట్టిలో నాటడం చాలామంది చేసే పొరపాటు. వేళ్లు చేరని మట్టి రోజుల తరబడి తడిగానే ఉండి వేళ్లను కుళ్లబెడుతుంది. పైగా కుండీలో వేళ్లు కాస్త ఇరుకుగా ఉన్నప్పుడే ఈ మొక్క బాగా పూస్తుంది. రెండు మూడేళ్లకోసారి ఒక్క అంగుళమో రెండంగుళాలో పెద్ద కుండీకి మార్చాలి, అంతకుమించి వద్దు. మిశ్రమానికి రెండు పాళ్లు ఎర్రమట్టి, ఒక పాలు ముతక ఇసుక, ఒక పాలు బాగా చివికిన పశువుల ఎరువు కలపండి. అడుగు రంధ్రం మీద పెంకు ముక్క బోర్లించండి. కుండీ కింద పళ్లెం పెట్టి అందులో నీళ్లు నిలవనిస్తే ఇదంతా వృథా. నేలలో అయితే ఒకటిన్నర అడుగు గొయ్యి, గోడకు కనీసం మూడడుగుల దూరం. నల్లరేగడి లాంటి జిగురు నేలలో గొయ్యి తీయడం కన్నా అర అడుగు ఎత్తు మట్టి దిబ్బ కట్టి దాని మీద నాటడమే క్షేమం. లేకపోతే గొయ్యి గిన్నెలా నీళ్లు పట్టుకుంటుంది.

నర్సరీలో నిండా పూసి ఉన్న మొక్క ఇంటికి రాగానే ఆకులన్నీ రాల్చేస్తుందంటారు. నేరం సాధారణంగా నర్సరీది కాదు. దీని వేళ్లు సన్నగా, పెళుసుగా ఉంటాయి. కవరు లాగి మట్టిగడ్డను దులిపితే తెగిపోతాయి. కవరును రెండు పక్కలా బ్లేడుతో పైనుంచి కిందికి చీల్చి, గడ్డ చెదరకుండా రెండు చేతులతో ఎత్తి పెట్టాలి. కవరులో ఎంత లోతున ఉందో కుండీలోనూ అంతే లోతు. కాండం మట్టిలో కూరుకుపోకూడదు. ఆ తర్వాత మూడు వారాల పాటు మాత్రం మట్టి పూర్తిగా ఆరనివ్వకండి. కరువుకు తట్టుకునే గుణం వేళ్లు సాగిన తర్వాతే వస్తుంది. ఈ తేడా ఎవరూ రాయరు.

వేళ్లూనుకున్నాక పద్ధతి మారాలి. వేలు రెండంగుళాలు లోపలికి దించి చూడండి. పొడిగా తగిలితేనే నీళ్లు. పోసినప్పుడు అడుగు రంధ్రంలోంచి కారేదాకా పోయాలి, రోజూ అరచెంబు చిలకరించడం కన్నా అదే నయం. పూత తెప్పించాలంటే ఇంకో మెట్టు ఉంది. లేత ఆకులు పొద్దున్నే వేలాడుతున్నట్టు కనిపించేదాకా నీళ్లు ఆపి, ఆ రోజు నిండుగా పోసి, మళ్లీ ఆపాలి. మధ్యాహ్నపు వాడిపోవడం లెక్కలోకి రాదు, ఎండకు ఏ మొక్కయినా వాలుతుంది. ఇలా రెండు మూడు విడతలు చేస్తే కొమ్మల చివర్ల గుత్తులు మొదలవుతాయి. వాటికి రంగు పట్టడం మొదలయ్యాక మాత్రం ఎండగట్టకండి, రేకలు విచ్చకముందే రాలిపోతాయి. నేలలో పాతుకుపోయిన మొక్కకు వానాకాలంలో నీళ్లే అక్కర్లేదు.

ఎరువు దగ్గర చెయ్యి ఇంకా బిగించాలి. కత్తిరింపు తర్వాత కుండీకి రెండు గుప్పిళ్లు వర్మీకంపోస్టు, కొత్త చిగుళ్లు జానెడు సాగాక అర చెంచా పొటాష్, అంతే. యూరియా అసలు వద్దు. ఎముకల పొడి వేస్తే పూస్తుందనే నమ్మకం ఒకటుంది. అందులోని భాస్వరం మోతాదు మించితే మొక్కకు ఇనుము అందదు, లేత ఆకులు పసుపుబారి ఈనెలు మాత్రం పచ్చగా మిగులుతాయి. అలా కనిపిస్తే లీటరు నీటికి 5 గ్రాముల అన్నభేది (ఫెర్రస్ సల్ఫేట్), 1 గ్రాము నిమ్మ ఉప్పు కలిపి చల్లపొద్దున ఆకుల మీద పిచికారీ చేసి, వారం తర్వాత ఇంకోసారి చేయండి. ముదురు ఆకులు పసుపెక్కి రాలుతుంటే మాత్రం అది ఇనుము లోటు కాదు, ముందు వేళ్ల దగ్గర తడి చూడండి.

కత్తెర విషయంలో మాత్రం పిసినారితనం పనికిరాదు. ఈ మొక్క పూసేది కొత్తగా వచ్చిన కొమ్మల మీద, ఎక్కువగా చివర్లలో. కాబట్టి ఒక పూత అయిపోయిన వెంటనే పూసిన ప్రతి కొమ్మనూ మూడో వంతు తీసేయాలి. కణుపుకి పావు అంగుళం పైన, ఏటవాలుగా. కొత్త కొమ్మలు ఆరంగుళాలు సాగగానే కొసలు గిల్లితే ఒక్కోటి రెండు మూడుగా చీలుతుంది, అంటే అన్ని పూకొసలు అన్నమాట. ఆ తర్వాత కత్తెర దాచేయండి. పూత రావడానికి ఆరు నుంచి ఎనిమిది వారాలు పడుతుంది. కంచెగా పెంచేవాళ్లు నెలనెలా పైపైన సమంగా కత్తిరిస్తుంటారు. అలా చేస్తే ప్రతిసారీ పూయబోయే కొసలే కిందపడతాయి. మొదలు నుంచి బాణంలా లేచే లావుపాటి కొమ్మల్ని ఎప్పుడు కనిపిస్తే అప్పుడు అడుక్కి కోసేయవచ్చు. ఆకుల మీద తెల్ల మచ్చలుండే రకాల్లో అక్కడక్కడ ఉత్త పచ్చ కొమ్మ వస్తుంది. దాన్ని వెంటనే తీయకపోతే, జోరు దానిదే ఎక్కువ గనక, కొన్నాళ్లకు మొక్కంతా పచ్చగా మారిపోతుంది. తోలు చేతి తొడుగులు, కంటి అద్దాలు లేకుండా ఈ పనికి దిగకండి. కోసిన కొమ్మ రసం తగిలితే కొందరికి దురద కూడా వస్తుంది.

కత్తిరించిన కొమ్మల్ని పారేయనక్కర్లేదు. పెన్సిలంత లావు, ముదురు బెరడు, నాలుగైదు కణుపులు ఉన్న జానెడు ముక్కలు తీసుకుని, కింద ఏటవాలుగా, పైన అడ్డంగా కోయండి (ఏది తలకిందులో తర్వాత తికమక ఉండదు). ఆకులు తీసి, కింది కొసను వేళ్ల హార్మోను పొడిలో అద్ది, సగం ఇసుక సగం మట్టి ఉన్న కవర్లలో రెండు కణుపులు మునిగేలా గుచ్చి నీడలో పెట్టండి. మూడు వారాల్లో చిగురు రాగానే పీకి చూడటం వల్లే ఎక్కువ ముక్కలు పోతాయి. ఆ చిగురు కొమ్మలో దాచుకున్న తిండితో వచ్చింది, వేరు ఇంకా పుట్టలేదు. రెండు నెలలు ఆగి, కవరు అడుగున వేరు కనిపించాకే కదపాలి. కింది నుంచి నల్లబడితే తడి ఎక్కువైనట్టు.

పురుగుల బెడద తక్కువే. లేత కొసల్లో పిండినల్లి, పేనుబంక పడితే లీటరు నీటికి 5 మిల్లీలీటర్ల వేపనూనె, రెండు చుక్కల సబ్బు ద్రావణం కలిపి సాయంత్రం కొట్టాలి. ఆకుల అంచులు రంపంలా కొరికేసి ఉండి పగలు పురుగు కనబడకపోతే, రాత్రి టార్చి వేసి చూడండి. వీపును విల్లులా వంచి నడిచే పచ్చపురుగు అది, పగలు పుల్లలా కొమ్మకు అంటుకుని ఉంటుంది.

ఒక మనవి. ఈ మొక్క ఫొటో వేసినప్పుడు కింద ఒంటి రకమో ముద్ద రకమో రాయండి. ఒంటి రకం ఎండిన రేకల్ని తనే రాల్చుకుంటుంది. ముద్ద రకంలో అవి గోధుమరంగుకు తిరిగి కొమ్మకే వేలాడుతుంటాయి. తెగులు అనుకుని జనం మందులు కొడుతున్నారు. కత్తెరతో గుత్తిని మొదటికి తీసేస్తే సరిపోతుంది.

ఇట్లు,
ఒక పాఠకుడు